పట్టా చేతిలో.. ఇల్లు కోర్టులో

* రాజధానిలో సెంటు స్థలాలపై రెండు వాదనల నడుమ నలిగిన 50 వేల కుటుంబాలు
* చట్టంలోని 5 శాతం నిబంధనను సగం సగమే చదివిన ఇరుపక్షాలు

తుళ్లూరు: రాజధాని అమరావతి పరిధిలోని మందడం, ఐనవోలు, కృష్ణాయపాలెం, నిడమర్రు, కురగల్లు పొలాల్లో 2023 వేసవిలో హద్దురాళ్లు వెలిశాయి. రాయికీ రాయికీ నడుమ సెంటు నేల, అంటే 48 గజాల పైచిలుకు. మే 26న వెంకటపాలెంలో జరిగిన సభలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి 50,793 మందికి పట్టాల పంపిణీ చేపట్టారు. జులై 24న కృష్ణాయపాలెంలో ఇళ్లకు శంకుస్థాపన చేశారు. పది రోజులు తిరగకుండానే, ఆగస్టు 3న, నిర్మాణాలపై హైకోర్టు స్టే విధించింది. హద్దురాళ్ల మధ్య గోడలు లేవలేదు.

ఇది పేదలకూ ధనిక రైతులకూ మధ్య పోరని అప్పటి ప్రభుత్వం చెప్పింది. రాజధానిని దెబ్బతీసేందుకు పేదలను అడ్డుపెట్టుకున్నారని భూములిచ్చిన రైతులు చెప్పారు. ఊళ్ల మధ్య తిరిగి చూసిన వారికి ఈ రెండు మాటలూ సగం సగమే నిజమని తోచకమానదు.

వివాదం మూలాలు 2020లోనే ఉన్నాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో విజయవాడ, గుంటూరు ప్రాంతాల పేదలకు రాజధాని భూముల్లో 1,251 ఎకరాలు కేటాయిస్తూ జీవో 107 వెలువడింది. రైతులు కోర్టుకెక్కడంతో అది నిలిచిపోయింది. సమీకరించిన భూములను రాజధాని అవసరాలకే వాడాలని, ప్రణాళిక ప్రకారమే నగరాన్ని అభివృద్ధి చేయాలని 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం సీఆర్‌డీఏ చట్టాన్ని సవరించింది. రాజధాని వెలుపలి పేదలకూ ఇక్కడ స్థలాలివ్వడానికి ఆ సవరణ దారి చూపింది. 2023 మార్చిలో బృహత్ ప్రణాళికను మార్చి దాదాపు 900 ఎకరాలతో ఆర్‌-5 జోన్ ఏర్పాటు చేశారు. చివరికి 25 లేఅవుట్లు, 1,402.58 ఎకరాలు ఈ పథకం కిందికి వచ్చాయి. లబ్ధిదారుల్లో 23,762 మంది గుంటూరు జిల్లా వారు, 27,031 మంది ఎన్టీఆర్ జిల్లా వారు.

రైతుల ఆగ్రహానికి కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. 2015లో భూసమీకరణ కింద 28 వేల మందికి పైగా రైతులు 34 వేల ఎకరాల పైచిలుకు భూమి ఇచ్చారు. అత్యధికులు చిన్న, సన్నకారు రైతులే. ఎకరా మెట్టకు వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామని, జరీబుకైతే వాణిజ్య స్థలం 450 గజాలకు పెంచుతామని ప్రభుత్వం రాసిచ్చింది. పదేళ్లపాటు కౌలు చెల్లిస్తామంది. 2019 డిసెంబరు 17న మూడు రాజధానుల ప్రస్తావన వచ్చాక ఆ ప్లాట్లకు రోడ్డు పడలేదు, కరెంటు స్తంభం నాటలేదు. కాగితం మీద ఉన్న తమ ప్లాటు ఏ తుమ్మచెట్టు కింద ఉందో గుర్తుపట్టలేని స్థితికి రైతులు చేరుకున్నారు. సరిగ్గా ఆ సమయంలో ఆర్‌-5 లేఅవుట్లలోకి యంత్రాలు దిగాయి. రాత్రింబవళ్లు ముళ్లకంపలు తొలిగాయి, నేల చదునైంది. నాలుగేళ్లుగా తమ కోసం కదలని యంత్రం పక్క చేలోకి పరుగున వచ్చినప్పుడు కడుపు మండడం సహజం. అది పేదల మీద కోపం కాదు, మాట తప్పిన ప్రభుత్వం మీద కోపం.

అయితే అంతా అదే కాదు. శిబిరాల్లో ఒప్పందం గురించి, చట్టం గురించి మాట్లాడిన వారిలో కొందరు శిబిరం దాటి అరుగు మీద కూర్చోగానే మరో మాట అన్నారు. సెంటు ఇళ్లు వస్తే మురికివాడ తయారవుతుందని, పక్క ప్లాట్ల ధర పడిపోతుందని, ఎక్కడెక్కడి వారో వచ్చి ఊరి స్వరూపం మారిపోతుందని. జనాభా సమతుల్యత దెబ్బతింటుందన్న వాదనను పట్టుకుని అప్పటి పాలకులు ఎన్నో సభల్లో రైతులను ఎండగట్టారంటే, ఆ అవకాశం వారికి చిక్కడమే కారణం. ధర పడిపోతుందన్న భయం అమ్ముకోవడానికి ప్లాటు తప్ప మరేమీ మిగలని వాడికి ఉంటుంది, దాన్ని తప్పుపట్టలేం. ఎవరు పొరుగున ఉండాలన్నది మాత్రం ఒప్పందంలో లేదు. ఒప్పందంలో ఉన్నది దానికి విరుద్ధమైన సంగతి.

సమీకరించిన భూమిలో కనీసం 5 శాతం పేదల గృహవసతికి కేటాయించాలని 2014 నాటి సీఆర్‌డీఏ చట్టమే 53వ సెక్షన్‌లో చెప్పింది. 34 వేల ఎకరాల్లో 5 శాతమంటే 1,700 ఎకరాలు. అంటే రైతులు సంతకం చేసిన నాడే పేదలు తమ పొరుగువారవుతారని ఆ చట్టంలో రాసి ఉంది. రైతుల వాదన ఈ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నీరసించేది. గృహవసతి వేరు, ఇళ్ల స్థలాలు వేరు అన్నది వారి న్యాయవాదుల మాట. ఆ పేదలు రాజధాని ప్రాంతం వారే కావాలన్నది మరో మాట. మాటలో బలం లేకపోలేదు గానీ, ఆ 5 శాతం ఎక్కడ, ఎప్పుడు ఇవ్వాలో తామై ఏనాడూ అడగలేదు.

ఇక ప్రభుత్వం ఆ సెక్షన్‌లోని అంకెను మాత్రం చదివి, మిగిలినదాన్ని వదిలేసింది. కొత్త నగరంలో ఇళ్లు ఉపాధికి దగ్గరగా, మిగతా నివాసాలతో కలిసి ఉండాలన్నది ఇలాంటి నిబంధనల ఉద్దేశం. ఇక్కడేమో వేల కుటుంబాలను ఒకే మూలన, ఒకే కొలతలో సర్దారు. 50,793 సెంట్లను కూడితే 508 ఎకరాలు. అంటే తీసుకున్న 1,402 ఎకరాల్లో లబ్ధిదారు పేరు మీదకు వచ్చింది మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఇంటికి ఇస్తామన్నది రూ.1.80 లక్షలు. విజయవాడ కొండవాలు ఇంట్లో ఉండే ఆటో కార్మికుడు, గుంటూరు మిర్చి యార్డులో బస్తా మోసే హమాలీ, నాలుగిళ్లలో పాచిపని చేసే మహిళ.. రోడ్డే సరిగా లేని ఈ పొలాల్లో ఇల్లు కట్టుకుని తెల్లవారేసరికి పనికి ఎలా చేరుకుంటారో ఎవరూ లెక్క కట్టలేదు. మొత్తం వ్యవహారంలో వారి అభిప్రాయం అడిగిన వారే లేరు. అయినా పట్టా పుచ్చుకున్నారు. అద్దె ఇంట్లో పుట్టి అద్దె ఇంట్లోనే ముసలివాడైన వాడికి 48 గజాలు చిన్నవిగా కనిపించవు.

ఊళ్లలోని భూమిలేని కుటుంబాల స్పందన వేరు. భూసమీకరణతో పొలం పనులు పోయి నెలకు రూ.2,500 పింఛనుతో నెట్టుకొచ్చిన కూలీలు వీరు. దళితవాడల్లో కొందరు పేదల స్థలాలకు మద్దతుగా వెలిసిన శిబిరంలో కూర్చున్నారు. మరికొందరు రైతుల శిబిరంలోనే ఉన్నారు. అసైన్డ్ భూములిచ్చిన దళిత రైతులకు రాజధాని ఆగిపోవడం వల్ల కలిగిన నష్టం మిగతా రైతుల కంటే తక్కువేమీ కాదు. ఇరుగుపొరుగు స్పందనను కులం గీత గీసి రెండుగా విడదీయడం సభల్లో తేలిక, వాడల్లో కాదు. 2019కి ముందే మొదలైన 5,024 టిడ్కో ఇళ్లు ఇదే రాజధాని గ్రామాల్లో లేచాయి. స్థానిక పేదల కోసమన్న ఆ అపార్ట్‌మెంట్లు లేస్తున్నప్పుడు వాటికి వ్యతిరేకంగా శిబిరాలు వెలవలేదన్నది గమనార్హం. తాళాల పంపిణీ మాత్రం 2023 దాకా ఆలస్యమైంది.

పొరుగువారి అభ్యంతరానికి మరో ముఖం కూడా ఉంది. అభ్యంతరం చెప్పేవారు లేనిచోట పేదల కాలనీలు ఎక్కడ పడతాయో విజయవాడలో చూడవచ్చు. అజిత్‌సింగ్‌నగర్ వైపు వాంబే కాలనీ, జక్కంపూడిలో వైఎస్‌ఆర్ కాలనీ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఈ రెండూ నీట మునిగాయి. విలువైన నేల చుట్టూ గొంతున్న పొరుగు ఉంటుంది. పల్లపు నేల చుట్టూ నీళ్లుంటాయి.

కోర్టుల్లో నడిచింది ఇంకో కథ. పట్టాల పంపిణీని సుప్రీంకోర్టు 2023 మే 17న ఆపలేదు గానీ, అవి హైకోర్టు తుది తీర్పుకు లోబడి ఉంటాయన్న షరతు విధించింది. పట్టా పుచ్చుకున్న వారిలో ఆ షరతు అర్థం తెలిసినవారు తక్కువ. వేదిక మీద దాని గురించి వివరంగా చెప్పేవారు అంతకంటే తక్కువ. పట్టాల భవితవ్యమే తేలనప్పుడు ప్రజాధనంతో ఇళ్లు కట్టడమెందుకన్న ప్రశ్న ఆగస్టు నాటి స్టేతో ముందుకొచ్చింది.

2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. రైతుల శిబిరాలు 1,631వ రోజున ముగిశాయి. ఆర్‌-5 లబ్ధిదారులకు వారి సొంత ప్రాంతాల్లోనే స్థలాలు చూపుతామని కొత్త ప్రభుత్వం చెప్పింది. పట్టణాల్లో 2 సెంట్లు, గ్రామాల్లో 3 సెంట్లు ఇచ్చే విధానాన్ని 2025లో ప్రకటించింది. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాయి. సచివాలయ టవర్ల గురించి, హైకోర్టు భవనం గురించి, రింగు రోడ్డు గురించి ఊళ్లలో చర్చ జోరుగా సాగుతోంది. విజయవాడలో రెండు సెంట్ల నేల ఎక్కడ దొరుకుతుంది, దొరికితే ఆ వీధివారు ఏమంటారు అన్న ప్రశ్నలు ఆ చర్చలోకి ఇంకా రాలేదు. చట్టంలోని 5 శాతం సంగతీ అంతే. కొండవాలు ఇళ్లలో 2023 మే నాటి పట్టాలు ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా ఉన్నాయి.