మర్నాడు లేని ఆట

ఒక మనిషి ఫొటో చూపిస్తారు. పేరు చెబుతారు. ఫలానా చోట ఉంటాడంటారు. వెళ్లి చంపి, ఎవరి కంటా పడకుండా బయటికొచ్చేయాలి. చంపనని చెప్పే వీలు లేదు. పని అయిందా, ఫీజు వచ్చేసినట్టే.

ఇది క్రైమ్ వార్త కాదు. హిట్‌మ్యాన్ అనే వీడియో గేమ్. వేలూరు హాస్టళ్లలో ల్యాప్‌టాప్‌ల మీద, గుడియాత్తం ఇళ్లలో నాన్న ఫోను మీద మన పిల్లలు ఆడే ఆటల్లో ఇదీ ఒకటి. 'ఇలాంటివి ఆడితే పిల్లలు పాడైపోరా?' అని అమ్మానాన్నలు అడుగుతుంటారు. 'ఆట ఆటే కదా' అని పిల్లలు అంటుంటారు. ఇద్దరి మాటల్లోనూ సగం నిజముంది. మిగతా సగం గురించే ఈ నాలుగు ముక్కలు.

గుండు మనిషి, నంబరే పేరు

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో ఐఓ ఇంటరాక్టివ్ అని ఒక సంస్థ ఉంది. ఈ ఆట వాళ్లదే. మొదటి భాగం 2000లో వచ్చింది. కథానాయకుడికి పేరు లేదు, నంబరే పేరు. 47. నున్నటి గుండు, తల వెనక బార్‌కోడ్, నల్ల కోటు, ఎర్ర టై. ఆ తర్వాత 2002, 2004, 2006, 2012లో వరసగా భాగాలొచ్చాయి. 2016, 2018, 2021లో వచ్చిన మూడింటినీ కలిపి 2023లో వరల్డ్ ఆఫ్ అసాసినేషన్ అని ఒకే పేరు పెట్టారు. 2006 నాటి బ్లడ్ మనీని 2023 చివర్లో ఫోన్లకూ తెచ్చారు. ఒకప్పుడు నెట్ సెంటర్లో గంటకింత అని ఇచ్చి ఆడిన ఆట ఇప్పుడు జేబులోకి వచ్చేసింది.

ఆడకుండా తిట్టడం న్యాయం కాదు. అందుకే కూర్చుని ఆడి చూశాను. తుపాకీ పట్టుకుని పరుగెత్తే ఆట అనుకుంటే పొరపాటే. గంట ఆడితే అందులో ముప్పావు గంట నిలబడి చూడ్డమే. కాపలావాడు ఎంతసేపటికోసారి ఇటు తిరుగుతాడు? వంటవాడు ఏ దారిన పెరట్లోకి వస్తాడు? ఏ తలుపు దగ్గర ఎవర్ని ఆపుతారు, ఎవర్ని ఆపరు? ఇదంతా లెక్క వేసుకోవాలి. తొందరపడితే పని చెడుతుంది.

అసలు కిటుకు బట్టల్లో ఉంది. వంటవాడి బట్టలు వేసుకుంటే వంటింట్లోకి దారి. కాపలావాడి బట్టలు వేసుకుంటే గేటు లోపలికి దారి. 2018 భాగంలో ఒక మజిలీ మన ముంబైలోనే. అక్కడ ముగ్గురిని చంపాలి. అందులో ఒకడి మొహం ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. జనంలో వెతికి పట్టుకోవాలి. బార్బర్ వేషం వేసుకుంటే చాలు, వాడు మన ముందు కూర్చుని గడ్డం అప్పగిస్తాడు. గడ్డం గీసేవాడి మొహాన్ని పరీక్షగా ఎవరు చూస్తారు?

ఇక్కడ ఆట ఒక చేదు నిజం చెబుతోంది. మన ఊళ్లోనూ అంతే కదా. ఆస్పత్రి వరండా తుడిచే మనిషిని, అపార్ట్‌మెంటు గేటు తీసే మనిషిని, పెళ్లిలో వడ్డించే మనిషిని మనం చూడం. వాళ్ల యూనిఫాంను చూస్తాం. రేపు అదే మనిషి మామూలు చొక్కాలో బస్సులో మన పక్కన కూర్చుంటే గుర్తుపట్టలేం. ఈ సంగతి కోపెన్‌హేగన్‌లో కూర్చున్నవాళ్లు కనిపెట్టి ఆటగా మార్చారు.

మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం

ఇంకో మంచి మాట కూడా చెప్పాలి. ఈ ఆటలో అన్నిటికంటే గొప్ప బిరుదు సైలెంట్ అసాసిన్. అది రావాలంటే చెప్పినవాణ్ని తప్ప ఇంకెవర్నీ చంపకూడదు. ఎవరి కంటా పడకూడదు. దారినపోయేవాణ్ని చంపితే మార్కులు కోస్తారు. ఎంతమంది చస్తే అన్ని మార్కులు అనే ఆటలు బోలెడు ఉన్న బజార్లో ఇది కొంచెం వేరు.

ఆట ఆడినవాడల్లా హంతకుడైపోతాడనడం కూడా సరికాదు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తల పెద్ద సంఘం ఏపీఏ 2020లో ఈ విషయం మీద తీర్మానం చేసింది. ఇలాంటి ఆటల వల్ల అరవడం, తోసుకోవడం లాంటి దుడుకుతనం కొద్దిగా పెరగొచ్చని అంది. హత్యల్లాంటి నేరాలకు మాత్రం ఆటలే కారణమని చెప్పడానికి తగిన ఆధారాల్లేవని అంది. మరి భయం ఎందుకు అంటారా? నాకున్నది భయం కాదు. ఒక వెలితి. ఆ వెలితి ఏంటో చెప్పాలంటే పక్కనే ఉన్న చిత్తూరు దాకా వెళ్లాలి.

పది నిమిషాలు, పదేళ్లు

వేషం వేసుకొచ్చి చంపడం మన సరిహద్దు జనానికి ఆటలో మాట కాదు. 2015 నవంబరు 17న చిత్తూరు నగరపాలక సంస్థ కార్యాలయంలో మేయర్ కఠారి అనురాధను పట్టపగలు కాల్చి చంపారు. హంతకులు బురఖాలు వేసుకుని వచ్చారు. అక్కడే ఆమె భర్త కఠారి మోహన్ మీదా దాడి చేశారు. ఆయన్ను వేలూరు సీఎంసీకి తెచ్చారు. ప్రాణం దక్కలేదు. ఆ కేసు దాదాపు పదేళ్లు నడిచింది. 2025 అక్టోబరు 31న చిత్తూరు కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసింది.

ఆ కేసుకూ ఈ ఆటకూ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. వేషం ఒక్కటే పోలిక. నేను చెప్పేది వేరే. ఆటలో పని పది నిమిషాల్లో ముగుస్తుంది. బయటికొచ్చే దారి దగ్గరికి చేరగానే తెర మీద మార్కులు పడతాయి. తర్వాత ఇంకో దేశం, ఇంకో ఫొటో. చిత్తూరులో ఆ కొద్ది నిమిషాల పని తేలడానికి పదేళ్లు పట్టింది. హత్య అంటే ఆ పది నిమిషాలు కాదు, తర్వాతి పదేళ్లు. ఆటలో లేనిది అదే. ఈ ఆటకు మర్నాడు లేదు.

బ్లడ్ మనీలో ఒక చిత్రం ఉంది. ప్రతి మజిలీ చివర ఒక పత్రిక మొదటి పేజీ తెర మీదికి వస్తుంది. మనం ఆడిన తీరును బట్టి వార్త మారుతుంది. ఏ ఆయుధం వాడారు, ఎన్ని గుండ్లు పేల్చారు, సాక్షులున్నారా అని రాస్తారు. సరిగ్గా ఆడకపోతే అనుమానితుడి బొమ్మ కూడా వేస్తారు. పత్రికలో పనిచేసేవాణ్ని కాబట్టి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచన వచ్చింది. ఆ వార్తల్లో లెక్కలున్నాయి, మనుషుల్లేరు. హత్య జరిగిన రోజు మేం రాసే వార్త కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. అసలు పని మర్నాడు మొదలవుతుంది. చచ్చినవాడి ఇంటికి వెళ్లాలి. గడప బయట చెప్పులు విడిచి నిలబడాలి. లోపల ఏడుపు వినిపిస్తుంటే పేరు, వయసు, ఎంతమంది పిల్లలు అని అడగాలి. ఈ ఆట మనల్ని ఆ గడప దాకా తీసుకెళ్లదు.

సిరసు తిరునాళ్ల ఏం చెబుతోంది?

మన కథల్లో చంపడాలు లేవా అని ఎవరైనా అడగొచ్చు. ఎందుకు లేవు, నిండా ఉన్నాయి. కానీ వాటికి మర్నాడు ఉంది.

గుడియాత్తం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఏటా వైకాసి మొదటి రోజున, అంటే మే నెల మధ్యలో, గోపాలపురం గంగమ్మకు సిరసు తిరునాళ్ల జరుగుతుంది. కౌండిన్య ఒడ్డున ఇసకేస్తే రాలనంత జనం. అమ్మవారి శిరస్సును ఊరేగించి తెచ్చి మొండేనికి అమరుస్తారు. వెనకున్నది రేణుక కథ. జమదగ్ని కోపంతో తల్లిని నరకమని కొడుకులకు చెప్పాడు. పెద్దవాళ్లు కాదన్నారు, శాపం తిన్నారు. పరశురాముడు మారుమాట లేకుండా నరికాడు. తండ్రి మెచ్చి వరం కోరుకోమన్నాడు.

ఇంతవరకూ చూస్తే ఇది హిట్‌మ్యాన్ కథే. పైనుంచి ఆజ్ఞ, పని పూర్తి, ఫీజు. కానీ ఫీజుగా ఏం అడిగాడు? తల్లిని బతికించమన్నాడు. చేసిన పనిని వెనక్కి తిప్పమన్నాడు. తిప్పినా అది మునుపటిలా అతకలేదు, తల ఒకరిది, మొండెం మరొకరిది అయిందని మన పక్క చెప్పుకునే కథ. చంపడం ఎంత తేలికో, అతికించడం ఎంత కష్టమో ఊరు ఊరంతా ఏటా ఒకసారి కళ్లారా చూస్తోంది. ఇంకో ముఖ్యమైన మాట. ఆ కథలో కాదన్న అన్నలు కూడా ఉన్నారు. ఆటలో ఆ అన్నలు లేరు. 2021 భాగంలో 47 తన సంస్థకే ఎదురు తిరుగుతాడు, నిజమే. తిరిగాక చేసే పని మాత్రం మళ్లీ చంపడమే.

తిరుపతి గంగమ్మ జాతర సంగతీ చూడండి. ఆడవాళ్లను చెరిచే పాలెగాడు ఒకడున్నాడు. గంగమ్మకు భయపడి దాక్కున్నాడు. వాణ్ని వెతకడానికి అమ్మ రోజుకో వేషం కట్టింది. బైరాగి, బండ, తోటి, చివరికి దొర. దొర వేషంలో పాలెగాడు దొరికాడు, తల తెగింది. ఆటే అయితే ఇక్కడ మార్కులు వేసేవాళ్లు. జాతర అక్కడ ఆగదు. మర్నాడు మాతంగి వేషం ఉంది. పాలెగాడి పెళ్లాన్ని ఓదార్చడానికి అమ్మ ఆ వేషంలో వెళ్లిందని పెద్దలు చెబుతారు. చచ్చినవాడు దుర్మార్గుడే. అయినా వాడి ఇంట్లో ఏడ్చే మనిషి ఉంటుందని ఆ కథ కట్టినవాళ్లకు తెలుసు.

హిట్‌మ్యాన్‌లోనూ చచ్చేవాళ్లు దుర్మార్గులే. ఆట మొదట్లో చిన్న వీడియో వేసి వాళ్ల పాపాలన్నీ చదువుతారు. చదివేది ఎవరు? చంపడానికి డబ్బు తీసుకున్న సంస్థే. ఛార్జిషీటు వాళ్లదే, తీర్పు వాళ్లదే, ఫీజూ వాళ్లదే. ఆడే పిల్లవాడికి ఇది తట్టాలి. తట్టేలా చెప్పాల్సింది మనం.

నిషేధం మందు కాదు

అయితే ప్రభుత్వం ఈ ఆటను ఆపేయాలా? ఆపడం వల్ల ఒరిగేది లేదు. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీని ఆపింది. కారణం చంపడాలు కాదు, దేశ భద్రత, జనం సమాచారం బయటికి పోతోందన్న అనుమానం. 2021లో అదే ఆట వేరే పేరుతో తిరిగొచ్చింది. ఆంధ్రలో 2020లో, తమిళనాడులో 2022లో, ఢిల్లీలో 2025లో తెచ్చిన ఆన్‌లైన్ ఆటల చట్టాలు ముఖ్యంగా డబ్బు పందేల కోసం. రమ్మీలో ఇల్లు గుల్ల చేసుకున్న కుటుంబాలు చూశాక అవి అవసరమే. కానీ డబ్బు పోయే ఆట వేరు, ఇలాంటి కథల ఆట వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టేసి 'ఫోను లాగేసుకో' అంటే పిల్లవాడు పక్కింటి ఫోన్లో ఆడతాడు.

సినిమాకైతే మన దేశంలో సెన్సార్ బోర్డు ఉంది. పెద్దలకు మాత్రమే అంటే థియేటర్ గేటు దగ్గర ఆపాలి. వీడియో గేమ్‌కు అలాంటి బోర్డు లేదు. యూరప్ వాళ్లు ఈ ఆటకు 18 ఏళ్లు నిండాలని ముద్ర వేశారు. ఆ అంకె మన పిల్లల తెర మీదా కనిపిస్తుంది. కాకపోతే దాన్ని అమలు చేసే గేటు మన ఇల్లే. కాబట్టి ఎనిమిదో తరగతి పిల్లవాడి చేతికి ఇది ఇవ్వకండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

కాలేజీకి వచ్చిన పిల్లలు ఎలాగూ ఆడతారు. వాళ్ల పక్కన ఓ అరగంట కూర్చోండి. ఇంగ్లిష్ రాకపోయినా పర్వాలేదు, ఈ ఆటకు తెలుగూ లేదు, తమిళమూ లేదు. కథ మీకు తెలుగులో చెప్పమనండి. ఎవర్ని చంపావు, ఎవరు చెప్పారు అని అడగండి. చెబుతారు, హుషారుగానే చెబుతారు. అప్పుడు ఇంకొక్క మాట అడగండి. 'మర్నాడు వాళ్లింట్లో ఏం జరిగింది?' ఆటలో దానికి జవాబు లేదు. జవాబు వాళ్లే వెతుక్కోవాలి. గంగమ్మను మొక్కే ఇళ్లలో పుట్టిన పిల్లలు వెతుక్కోగలరనే నా నమ్మకం.