పదిహేను నిమిషాల వైజాగ్

"ఒక్క రోజులో పన్నెండు స్పాట్లు" అని బోర్డు పెట్టే సిటీ టూర్ల మీద నాకో పెద్ద కంప్లెయింట్ ఉంది. ఊరు చూపిస్తామని డబ్బులు తీసుకుని, ఆ ఊళ్ళో ఉన్న పార్కింగులన్నీ చూపిస్తారు. బస్సు దిగు, ఫోటో తీసుకో, బస్సెక్కు. అంతే!

పోయిన డిసెంబర్లో మా టీం అంతా వైజాగ్ వెళ్ళాం. ఒక ట్రావెల్స్ వాళ్ళ బస్సు (పేరెందుకులెండి), దాంతో పాటు ఒక గైడు. సింహాచలం, కైలాసగిరి, సబ్‌మెరైన్, భీమిలి రోడ్డు... లిస్టు బానే ఉంది. లెక్క చూస్తే మాత్రం ఒక్కో చోటికి పదిహేను, ఇరవై నిమిషాలు. చీరలు, జీడిపప్పు అమ్మే షాపులో మాత్రం యాభై నిమిషాలు!

బీచ్ రోడ్డులో 1971 యుద్ధ స్మారకం ముందు నిలబెట్టి గైడు ఘాజీ కథ చెప్పాడు. వింటుంటే ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. 2017లో వచ్చిన సినిమా కథే అది, దాదాపు సీన్ బై సీన్. పైగా ఎదురుగా ఉన్న కురుసురాని చూపించి "ఇదే ముంచింది" అన్నాడు.

అయిదు నిమిషాల తర్వాత అదే కురుసురా లోపలికి వెళ్ళాం. అక్కడ గైడ్లు నేవీలో పనిచేసి రిటైరైన వాళ్ళు. మావాడొకడు ఘాజీ గురించి అడిగితే ఆ పెద్దాయన నవ్వేసి, "ఆ రోజుల్లో ఇది ఇక్కడ లేదు బాబూ, అరేబియా సముద్రంలో ఉంది" అన్నారు. ఘాజీని ముంచింది ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అని మన నేవీ చెప్తుందని, లోపలే పేలుడు జరిగి మునిగిందని పాకిస్తాన్ వాళ్ళు అంటారని, రెండూ చెప్పారు. తర్వాత 91 మీటర్ల పొడవున్న ఆ ఇనప గొట్టంలో అంతమంది ఎలా పడుకునేవాళ్ళో, నీళ్ళు ఎంత పొదుపుగా వాడేవాళ్ళో చెప్తుంటే మా బ్యాచ్‌లో ఒక్కడు కూడా ఫోన్ తియ్యలేదు. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఆ సబ్‌మెరైన్‌కి అసలు విలువ ఆ పెద్దమనుషులే అనిపించింది.

ఒకే ఊరు, ఒకే పూట, ఇద్దరు గైడ్లు. తేడా ఎక్కడుంది? తెలివిలో కాదు. భోజనాల దగ్గర మా బస్సు గైడుతో మాట్లాడితే విషయం తెలిసింది. "రోజుకి ఇచ్చేది చాయ్ ఖర్చులకే సార్, మిగతాదంతా షాపు కమీషనే" అన్నాడు. మరి ఎక్కడ డబ్బులొస్తే అక్కడే కదా యాభై నిమిషాలు ఉంటాడు! మన ఆఫీసుల్లో మూసిన టికెట్లు లెక్కపెట్టి అప్రైజల్ ఇస్తే ఏం జరుగుతుందో మనకి తెలీదా? టికెట్లు మూతపడతాయి, బగ్గులు అలాగే ఉంటాయి :-)

ఈ పద్ధతిలో నష్టపోయేది చరిత్ర. భీమిలి రోడ్డులో వెళ్తుంటే తొట్లకొండ వచ్చింది. బస్సు ఆగలేదు. "పైన ఏదో బుద్ధుడిది ఉంది, టైం చాలదు" అన్నాడు గైడు. ఆ "ఏదో" రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ విహారం. 1976లో నేవీ వాళ్ళు ఏరియల్ సర్వే చేస్తుంటే బయటపడింది. రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే స్తూపాలు, భిక్షువులు ఉండే గదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు (కొండకి పేరు వాటివల్లే వచ్చింది), శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. భీమిలిలో 17వ శతాబ్దంలో దిగిన డచ్చివాళ్ళ సమాధులకీ అదే గతి, "టైం చాలదు".

నాది జిన్నారం. మా సంగారెడ్డి జిల్లాలోనే కొండాపూర్ ఉంది. మీరు అనుకుంటున్న హైటెక్ సిటీ పక్క కొండాపూర్ కాదండీ! ఇది శాతవాహనుల కాలం నాటి ఊరు. నిజాం జమానాలో 1940ల మొదట్లో తవ్వారు. బోలెడు నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు, వాటితో పాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి. మ్యూజియం కూడా ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న తొట్లకొండలోనూ రోమన్ నాణెమే, సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మా జిల్లాలోనూ రోమన్ నాణెమే. ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే, జిన్నారం పేరు చెప్పగానే మందుల ఫ్యాక్టరీలు, చెరువుల్లో కలిసే కెమికల్ నీళ్ళు తప్ప ఇంకేం గుర్తురాని మా పిల్లలకి ఆ కొండ పరాయిది అనిపించదు.

అందుకే నేననేది ఇదీ. స్పాట్లు సగం చెయ్యండి. షాపు తీసేసి ఆ కమీషను డబ్బులు టికెట్లో కలిపి గైడుకి నేరుగా ఇవ్వండి. తలకి ఓ రెండొందలు పెరుగుతుందేమో, వీకెండ్ పిజ్జా కన్నా తక్కువే. తొట్లకొండకి ఆర్కియాలజీ చదువుకున్న కుర్రాళ్ళని, పాత టౌనుకి అక్కడే పుట్టిపెరిగిన పెద్దవాళ్ళని పెట్టండి. రిటైరైన నావికులతో కురుసురాలో ఇన్నేళ్ళుగా నడుస్తున్న పద్ధతే కదా, కొత్తగా కనిపెట్టాల్సింది ఏముంది?

ఈలోగా మన చేతిలో ఉన్నది ఒకటుంది. బుక్ చేసేటప్పుడు "ఎన్ని స్పాట్లు?" అని కాకుండా "గైడు ఎవరు? ఆయనకి ఎంత ఇస్తారు?" అని అడగండి. పది ఆఫీసుల నుంచి ఇదే ప్రశ్న వెళ్తే ఆ బోర్డు మారుతుంది.

ఏమంటారు?