బాత్‌రూము దారిలో దీపం

నవంబరు చివరికి మన హైదరాబాదులో సాయంత్రం 5-40కే పొద్దుగూకుతుంది. జనవరిలో ఉదయం 6-45 దాకా సూర్యుడు కనిపించడు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కాలనీల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో లోపలి గదులకు పగలే వెలుతురు తక్కువ.

కరెంటు బిల్లుకు భయపడి చాలామంది రాత్రి లైట్లన్నీ ఆర్పేస్తారు. షుగరున్న పెద్దవారు రాత్రి 2, 3 సార్లు లేస్తారు. 60 దాటిన కంటికి, 20 ఏళ్లవారి కంటే దాదాపు 3 రెట్లు వెలుతురు కావాలి. చీకట్లో జారిపడి తుంటి ఎముక విరిగినవారికి మేము ఎందరికో సేవ చేశాము. వారిలో కొందరు మళ్లీ సొంతంగా నడవలేకపోయారు.

ఇది పొదుపు కాదని మా అభిప్రాయం. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు రాత్రికి 10 గంటలు వెలిగినా నెలకు 3 యూనిట్లు దాటదు. పాత జీరో బల్బు పేరుకే జీరో, దాదాపు 15 వాట్లు లాగుతుంది. కనుక హాలుకు కొత్త లైటు కొనేముందు బాత్‌రూము దారికి, మెట్లకు పెట్టించండి. రాత్రంతా వెలిగించడం ఇష్టం లేకపోతే స్విచ్ మంచం దగ్గర చేతికందేలా ఉండాలి. పడక గదిలో మాత్రం చీకటే నిద్రకు మంచిది.

డిసెంబరులో గుమ్మానికి స్టార్ కడతాము, సంతోషమే. ఆ రోజే అమ్మ నడిచే దారిలోనూ ఒక బల్బు పెడదాము.