తీరమున నిలిచి చూచువారికి

మన బండి ఆత్మకూరునకు సముద్రము చాల దూరము. కె.సి. కాలువ నీటితో వరి పండించుకొను ఈ ప్రాంతపు విద్యార్థికి యుద్ధనౌక యనగా పుస్తకములోని బొమ్మయే. విహారయాత్రకు విశాఖపట్టణము పోయినప్పుడు మాత్రము అతడు రామకృష్ణా బీచిలో ప్రదర్శనకు ఉంచిన కురుసుర జలాంతర్గామిలో ప్రవేశించి, ఇరుకైన పడకలను చూచి, బయటకు వచ్చి ఫోటో తీయించుకొనును. మేము దీనిని తప్పుపట్టుట లేదు. కాని చూడవలసినది ఇంకను మిగిలియున్నదని మా అభిప్రాయము.

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవము. 1971లో ఆ రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవుపై దాడి చేసినవి. అంతకు ముందటి రాత్రియే, మన విక్రాంత్ నౌకను వెదకుచు వచ్చిన గాజీ అను పాకిస్తాన్ జలాంతర్గామి విశాఖ తీరమునకు చేరువలో మునిగినది. రాజ్‌పుత్ నౌక దెబ్బకు మునిగినదని మనవారును, ప్రమాదవశమున జరిగిన ప్రేలుడు వలననని వారును చెప్పుదురు. అందులోని 90 మందికి పైగా నావికులలో ఒక్కడును బ్రదుకలేదు.

గాజీ యను మాటకు అర్థము మన ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. అయితే పేరు ఎవరిదైనను ఇనుము అమెరికాది. 1945లో డయాబ్లో అను పేరుతో అమెరికా నౌకాదళమున చేరిన ఆ పడవ, 1964లో పాకిస్తాను చేతికి వచ్చినది. కరాచీపై దాడి చేసిన మన పడవలును, నేడు బీచిలోనున్న కురుసురయు సోవియట్ నిర్మితములు. 1965లో ఖేమ్‌కరణ్ వద్ద అబ్దుల్ హమీద్ ధ్వంసము చేసిన ప్యాటన్ ట్యాంకులు మరల అమెరికావే. హమీద్ పేరు మన సభలలో తరచు వినబడును. ఆ ట్యాంకులు ఎచ్చటివో ఎవరును చెప్పరు. ఆ దినములలో రక్షణ సహకారమనగా ఇదియే: ఆయుధములు దూరదేశములవి, చనిపోయినవారు మాత్రము ఇరుగుపొరుగువారు.

తరువాత వేరొక విధమైన సహకారము మొదలైనది. 1995లో ఇండోనేషియా, సింగపూరు, శ్రీలంక, థాయిలాండు నౌకాదళములను పోర్ట్‌బ్లెయిర్‌నకు పిలిచి మన దేశము 'మిలన్' అను కూడికను ప్రారంభించినది. 2022లో అది విశాఖకు వచ్చినది. అంతకుముందు 2016 ఫిబ్రవరిలో అచ్చటనే జరిగిన అంతర్జాతీయ నౌకా సమీక్షకు సుమారు 50 దేశములవారు వచ్చిరి. ఇదంతయు వట్టి ఆడంబరమనువారు కలరు. ఖర్చు విషయమున వారి మాటలో కొంత నిజము లేకపోలేదు.

కాని 2021 ఏప్రిలులో ఇండోనేషియా జలాంతర్గామి నంగాలా 53 మందితో బాలి సమీపమున అదృశ్యమైనప్పుడు, మునిగిన పడవలోని వారిని పైకి తెచ్చు రక్షణ వాహనముతో మన నౌక బయలుదేరినది విశాఖ నుండియే. సింగపూరు, మలేషియా, ఆస్ట్రేలియా, అమెరికాలును సాయము పంపినవి. మన నౌక చేరకమునుపే అందరును మరణించినట్లు తేలినది. అయినను, గాజీ మునిగిన నీటి మీదుగా పరదేశపు నావికులను బ్రదికించుటకు ఒక నౌక సాగిపోయినది. కవాతుల కంటె, ఆకాశమున ఎగురు హెలికాప్టర్ల కంటె మాకు ఇది గొప్పగా తోచుచున్నది.

రాబోవు విహారయాత్రకు ముందు కళాశాల సంఘమువారు ఒక్క పూట ఈ పడవల కథను విద్యార్థులకు చెప్పింపవలెనని మా మనవి. సైన్యమున చేరదలచినవారు మనలో కలరు. వారు కురుసురలోని ఆ ఇరుకు పడకల ప్రక్కన తక్కినవారి కంటె కొంచెము సేపు ఎక్కువ నిలువవలెను.