బండి ఆగాలి! కంట్రోలర్ రిపేరు పద్ధతి మారాలి

కోనసీమ మెకానిక్కులకు, బ్యాటరీ బండ్ల యజమానులకు, ఐటీఐ, పాలిటెక్నిక్ మాస్టార్లకు:

దింపు కాయలు వేసుకుని కాలవ గట్టు మీద వస్తున్న బ్యాటరీ బండి యాక్సిలరేటర్ వదిలేసినా ఆగలేదు. ఇంకా వేగం అందుకుంది. నడిపే కుర్రాడు దాన్ని కొబ్బరి చెట్టుకి గుద్ది ఆపాడు. మోచెయ్యి విరిగింది. రెండో పక్కన కాలవ నిండా నీళ్ళు! ఆ కంట్రోలర్‌లో ట్రాన్సిస్టర్ అంతకుముందే ఒకసారి కాలితే, కొత్తది వేసి డబ్బులు పుచ్చుకుని పంపేశారు. ఎందుకు కాలిందో చూసిన పాపాన ఎవరూ పోలేదు.

బండి కట్టేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. 24 వోల్టుల బ్రష్ మోటారుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ ఉంటుంది. అది సెకనుకి వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ వేగం అదుపు చేస్తుంది. కాలినప్పుడు చాలాసార్లు అది తెగిపోదు, షార్టవుతుంది. అంటే బ్యాటరీ మొత్తం మోటారు మీద పడుతుంది. ఇక యాక్సిలరేటర్ ఎంత తిప్పినా, వదిలినా ఒకటే. (బ్రష్‌లెస్ మోటారున్న ఆటోల్లో షార్టయితే చక్రం బిగుసుకుపోతుంది, ఆ కథ వేరు.)

అసలు దోషి డయోడు. ట్రాన్సిస్టర్ ఆఫ్ అయిన క్షణంలో మోటారు చుట్టల్లోని కరెంటు ఆగనంటుంది. దానికి దారిచ్చేది మోటారుకి అడ్డంగా వేసే ఫ్రీవీలింగ్ డయోడు. అది లేకపోతే వోల్టేజీ ఒక్కసారిగా ఎగదన్ని, 55 వోల్టులే తట్టుకునే ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ పొట్ట చీలుస్తుంది. చాలా బోర్డుల్లో అక్కడ ఏముంది? రెక్టిఫయర్‌లో వేసే వన్ ఎన్ 4007! దాని శక్తి ఒక్క ఆంపియరు. 250 వాట్ల మోటారు మామూలుగానే 13, 14 ఆంపియర్లు లాగుతుంది. లోడుతో వంతెన ఎక్కేటప్పుడు అంతకు ఎన్నో రెట్లు. పైగా ఆ డయోడు నిదానం మనిషి, ఇంత వేగానికి అందుకోలేదు. ముందు అది పోతుంది, వెనకే ట్రాన్సిస్టర్ పోతుంది. మీరు ట్రాన్సిస్టర్ మారుస్తారు, చచ్చిన డయోడుని అలాగే ఉంచుతారు. వారం తిరక్కుండా బండి మళ్ళీ మీ షాపు ముందే.

ఇలా కాలడం సముద్రపు గాలి వల్లనంటారు. ఉప్పు తడి కనెక్టర్లను తింటుంది, వార్నిష్ పూసి సీలు వెయ్యండి. వన్ ఎన్ 4007 వేసింది మాత్రం గాలి కాదు. ఖర్చు అంటారు. రెండోసారి కాలే ట్రాన్సిస్టర్ ఖరీదులోనే సరైన డయోడు వచ్చేస్తుంది.

ఒకప్పుడు మన మెకానిక్కులు ఇలా పనిచెయ్యలేదు. 1948లో బెజవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక ఊరూరా రేడియోలొచ్చాయి. చాలా సెట్ల వెనక అట్టకే సర్క్యూట్ బొమ్మ అంటించి ఉండేది. దాన్ని చదివి, తప్పు వెతికి పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు వచ్చే కంట్రోలర్లకు బొమ్మ ఉండదు. కొన్నిట్లో చిప్పు మీద నంబరు గీకేస్తున్నారు, బోర్డంతా జిగురు పోసి పూడ్చేస్తున్నారు. మన చేతులు కట్టేసి మన జనాన్ని కాలవలోకి తోస్తున్నారు! 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. వాహనాలు, వ్యవసాయ పనిముట్లు అందులో ఉన్నాయి. ఆ హక్కు అమలాపురం, రాజోలు, కొత్తపేట షాపుల దాకా రావాలి. సర్క్యూట్ బొమ్మ ఇవ్వని కంట్రోలర్ కొనం, అమ్మం అని మనమే తేల్చి చెప్పాలి.

మెకానిక్కు సోదరులారా, కొత్త ట్రాన్సిస్టర్ వేసేముందు పాతది ఎందుకు పోయిందో తేల్చండి. బ్యాటరీ, మోటారు వైర్లు ఊడదీసి మీటరుతో డ్రెయిన్, సోర్స్ చూడండి. రెండు వైపులా బీప్ వస్తే షార్టు. అక్కడితో ఆగకండి. డయోడు చూడండి, గేటు రెసిస్టర్ చూడండి, కరెంటు ఇచ్చాక గేటుకి 10 వోల్టులైనా అందుతోందో లేదో చూడండి. అందకపోతే ట్రాన్సిస్టర్ సగమే తెరుచుకుని వేడికి మాడిపోతుంది. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు లారీ హెడ్‌లైట్ బల్బు సీరీస్‌లో పెట్టండి. తప్పు మిగిలి ఉంటే బల్బు వెలుగుతుంది, ట్రాన్సిస్టర్ బతుకుతుంది.

ఐటీఐ, పాలిటెక్నిక్ మాస్టార్లూ, తప్పు వెతకడం నేర్చుకునేందుకు కాలిన కంట్రోలర్లు మీ పిల్లల బల్లల మీదికి రానివ్వండి.

యజమానులారా, ఎవరెంత బాగా రిపేరు చేసినా మాస్‌ఫెట్‌ని నమ్మి గట్టు ఎక్కొద్దు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు, కూర్చున్న చోటినుంచే అందేలా బ్యాటరీ లైనుని నేరుగా తెంపే పెద్ద స్విచ్చు ఉండాల్సిందే. రిపేరుకి ఇచ్చిన బండి తెచ్చుకునేటప్పుడు కాలిన ముక్కలు అడిగి తీసుకోండి, కారణం చీటీ మీద రాయించుకోండి. కొత్త డయోడు ఎక్కడ వేశారో చూపించమనండి. చూపించలేకపోతే డబ్బులివ్వకండి.