బండి బాగైంది, బోరు పెంచలేదు



ఈ వారం ఎప్పటిలాగే వాక్యధ్యానం రాద్దామని కూర్చున్నాము. కానీ నెల రోజులుగా మీలో చాలామంది ఫోనులోనూ, వాట్సాప్‌లోనూ అడుగుతున్నది ఒకటే మాట: "అయ్యగారూ, ఇంజను ఎటూ విప్పారు కదా, 500 చేయించమని డబ్బు పంపితే ఎందుకు చేయించలేదు?" అని. కొందరు ప్రేమగా అడిగారు, కొందరు కాస్త నొచ్చుకొని అడిగారు. డబ్బు మీది కాబట్టి అడగడం న్యాయమే. అందుకే ఈసారి బండి సంగతే రాస్తున్నాము. మా తప్పు కూడా ఇందులో ఉంది గనుక మొదటి నుంచీ చెప్పాలి.

మన బండి 2011 మోడల్ థండర్‌బర్డ్, 350 సీసీ. గల్ఫ్‌కు వెళ్తూ మన విశ్వాసి ఒకరు తక్కువ ధరకు ఇచ్చి వెళ్లారు. ముందుకు చాచిన కాళ్లు, ఎత్తు హ్యాండిలు, వెనక అమ్మగారికి ఆనుకునే దిండు. పాస్టరుకి ఇంత షోకు బండి ఎందుకని మొదట్లో నవ్వినవాళ్లున్నారు. మార్కాపురం చుట్టుపక్కల ఆరు ఊళ్లు తిరిగే పరిచర్యకు, నడుము నొప్పి ఉన్న మాకు, అంతకంటే నప్పిన బండి లేదు.

మే నెలలో ఒక రాత్రి తొమ్మిది దాటాక ఫోను వచ్చింది. పద్దెనిమిది కిలోమీటర్ల అవతల ఊళ్లో మన సంఘపు అవ్వకు ప్రాణం మీదికొచ్చింది, మమ్మల్ని చూడాలంటున్నదని. ఇద్దరం బయల్దేరాము. ఎప్పుడూ యాభై దాటనివాళ్లం ఆ రాత్రి ఎనభైలో పోయాము. పదకొండు కిలోమీటర్లు పోయాక ఇంజను ఒక్కసారిగా పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుపోయి బండి జారింది. చెయ్యి క్లచ్ మీదికి పోబట్టి పడలేదు.

పది నిమిషాలు ఆగితే ఇంజను చల్లబడి మళ్లీ తిరిగింది. అక్కడ మేము రెండో తప్పు చేశాము. స్టార్టయింది కదా అని ఎక్కి పోనిచ్చాము. రెండు కిలోమీటర్లు లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు చేసి, ఇక పూర్తిగా ఆగిపోయింది. ఆటో దొరికి అవ్వ ఇంటికి చేరేసరికి పన్నెండు కావస్తోంది. ఆమె పోయి నలభై నిమిషాలైంది. ఆ ఇంట్లో ఎవ్వరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు.

మరునాడు బండిని ట్రాలీ ఆటోలో వేసి టౌనుకు తెచ్చాము. మెకానిక్ భాయ్ కింద బోల్టు విప్పి ఆయిల్ దించాడు. రెండు లీటర్లకు పైగా ఉండాల్సిన చోట అర లీటరు కూడా రాలేదు. వచ్చిన ఆ కాస్తా నల్లగా, వెండి పొడి కలిపినట్టు మెరుస్తోంది. "అయ్యగారూ, ఆయిల్ ఎప్పుడు చూశారు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

ఆయిల్ ఎటు పోయిందంటే, చైను తిప్పే ముందు పళ్ల చక్రం వెనక ఆయిల్ సీలు ఉంటుంది. అది గట్టిబడి కారుతోంది. ఈ ఇంజనులో గేరు బాక్సుకూ, క్లచ్‌కూ, ఇంజనుకూ ఒకటే ఆయిలు. పాత బుల్లెట్లకు మూడింటికీ మూడు వేర్వేరుగా పోసేవారు. కాబట్టి ఇందులో గేరు బాక్సు పక్కన చుక్క కారినా పిస్టను ఆయిలే పోయినట్టు. మన మందిరం వాకిలి మట్టి నేల. చెట్టు కింద బండి నిలబెడతాము. పడిన చుక్క పడినట్టే ఇంకిపోయింది. సిమెంటు గచ్చు ఉండి ఉంటే మరకైనా కనబడేది.

మూడు వారాలుగా పొద్దున స్టార్టు చేయగానే టక్ టక్ మని పైన చప్పుడు వస్తోంది. ఈ ఇంజనులో వాల్వులను కదిపే ట్యాపెట్లు ఆయిల్ ఒత్తిడితోనే సర్దుకుంటాయి. ఆయిల్ సరిగా అందకపోతే అవే ముందు అరుస్తాయి. మేము విని, పాత బండి కదా అనుకున్నాము. ఒకసారి అనుమానమొచ్చి ట్రాక్టరు షాపులో దొరికిన ఆయిలేదో గ్లాసెడు పోసి, మనసు కుదుటపరచుకున్నాము. "ట్రాక్టరు ఆయిల్ పోసినందుకు పోలేదు అయ్యగారూ, సరిపడా పోయనందుకు పోయింది" అన్నాడు భాయ్. ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు గాని మాకు ఇంకా గుచ్చుకుంటోంది.

ఇంజను విప్పాక చూపించాడు. పిస్టను ఒక పక్క కరిగి పూసినట్టయింది, రింగులు గాడిలోనే అతుక్కుపోయాయి, బ్యారెల్ లోపల నిలువునా గీతలు. పిస్టను అల్యూమినియం. అది తిరిగే బోరు గోడ ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకంటే ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తుంది. రెంటి మధ్య ఉండే సందు వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ సందులో ఆయిల్ పొర ఉన్నంతసేపే ఇంజను. నిమిషానికి 4000 సార్లు తిరిగేటప్పుడు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు గల ఆ పిస్టను సగటున సెకనుకు 12 మీటర్ల వేగంతో పైకీ కిందికీ పోతుంటుంది. ఆయిల్ లేకుండా ఆ వేగంలో ఒరుసుకుంటే పట్టేయక ఏమవుతుంది?

క్రాంకు దగ్గర కనెక్టింగ్ రాడ్ బేరింగు కూడా పోయింది. పట్టేసిన చోటే బండి ఆపి ఉంటే పిస్టను, బ్యారెల్‌తో పోయేదేమో; ఆ రెండు కిలోమీటర్లే క్రాంకును తిన్నాయని భాయ్ అభిప్రాయం. మాకూ అదే నిజమనిపిస్తోంది.

సంఘంలో ఈ సంగతి తెలిశాక మీ మాటలు మొదలయ్యాయి. పాత ఇనుముకు అమ్మేసి కొత్తది కొనండని కొందరు. హైదరాబాదులో, డల్లాస్‌లో ఉన్న మన యవ్వనస్థులేమో, "ఎలాగూ ఇంజను విప్పారు, బోరు పెంచి 500 చేయించండి, అయ్యగారు దూసుకుపోవాలి" అని డబ్బు కూడా పంపారు. మీ ప్రేమకు స్తోత్రం. కానీ ఆ ఆలోచన మాకు సరికాదనిపించింది. ఎందుకో చెప్తాము.

మొదటి మాట, మన ఇంజను బలం చాలక పోలేదు. దాని బలం సుమారు 20 హార్స్‌పవర్. మన ఆరు ఊళ్ల రోడ్లకు అందులో సగం కూడా రోజూ వాడము. ఆ రాత్రి ఎనభైలో పోయింది కూడా అది మోయలేని వేగమేమీ కాదు. పోయినది ఆయిలు. కారుతున్న సీలును, వినని చెవిని వదిలేసి బోరు పెంచితే, అదే చుక్క ఇంకా ఖరీదైన ఇంజను కింద కారుతుంది.

రెండోది లెక్క. 70 మిల్లీమీటర్ల బోరు, 90 స్ట్రోకు కలిస్తే 346 సీసీ. 1955లో మద్రాసులో బుల్లెట్ల బిగింపు మొదలైన కాలం నుంచీ చాలా ఏళ్లపాటు 350 బండికి ఈ కొలతలే ఉండేవి. ఇంజను కొత్తదైనా మన థండర్‌బర్డ్‌కూ అవే వచ్చాయి. అదే స్ట్రోకు మీద బోరు 84 చేస్తే 499 సీసీ. వినడానికి పద్నాలుగు మిల్లీమీటర్లే. కానీ పిస్టను నెత్తి వైశాల్యం ఒకటిన్నర రెట్లకు దగ్గరవుతుంది, సరిగ్గా చెప్పాలంటే 1.44 రెట్లు. మంట ఒత్తిడి అంతే ఉన్నా రాడ్ మీద, బేరింగు మీద, క్లచ్ మీద పడే తోపు అన్ని రెట్లు పెరుగుతుంది. వేడీ పెరుగుతుంది. బ్యారెల్ ఒక్కటి మార్చి ఊరుకుంటే కుదరదు, హెడ్డు, కార్బురేటరు, క్రాంకు, క్లచ్ అన్నీ దానికి తగ్గట్టు ఉండాలి.

బోరు పెంచడమే తప్పని మేము అనడం లేదు. 2013లో కాంటినెంటల్ జీటీ వచ్చినప్పుడు కంపెనీయే 87 బోరుతో 535 సీసీ చేసింది. అయితే దానికి తగ్గట్టు మొత్తం బండిని తయారు చేసుకుంది. తెలిసినవాడు, చేతిలో డబ్బూ తీరికా ఉన్నవాడు, అన్నీ జతకూర్చి కట్టుకుంటే అది వేరే సంగతి. ఊళ్లో అర్ధరాత్రి పిలిస్తే పోవాల్సిన బండి మీద అలాంటి ప్రయోగం మాత్రం మాకు ఇష్టం లేదు.

మూడోది చట్టం. దీని గురించి మీరెవ్వరూ అడగలేదు, మేమే చెప్తున్నాము. ఆర్‌సీ మీద ఇంజను ఎన్ని సీసీలో రాసి ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. పైగా థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో 150 నుంచి 350 సీసీ వరకు ఒక రేటు, 350 దాటితే వేరే ఎక్కువ రేటు. 346కు కట్టి 499 నడిపితే, రేపు మా బండి ఎవరికైనా తగిలితే ఆ కుటుంబానికి రావాల్సిన పరిహారం చిక్కులో పడొచ్చు. పల్లెటూరి రోడ్డు మీద ఎవరు చూస్తారని ఒక తమ్ముడు అన్నాడు. ఆదివారం పులుపిటలో నిలబడేవాళ్లతో ఆ మాట అనకూడదు తమ్ముడూ.

కొత్త బండి సంగతికొస్తే, అది తప్పు సలహా కాదు. కొత్త బండి ధరలో పదో వంతు కాస్త దాటితే ఇది బాగవుతుందని తేలాక మాత్రం మందిరం పైకప్పు గుర్తొచ్చింది.

ఇక చేయించినవి. బ్యారెల్, పిస్టను పాత కొలతలోనే కొత్త సెట్టు వేశాము. క్రాంకును టౌనులో లేత్ షాపుకు పంపి, ప్రెస్ మీద పాత పిన్ను తీయించి, కొత్త రాడ్, కొత్త బేరింగు ఎక్కించి, డయల్ గేజి పెట్టి వంకర లేకుండా సరిచేయించాము. ఆ పని చేసే ముసలాయన ముల్లు కదలకుండా ఉండేదాకా రాగి సుత్తితో ఒక్కో దెబ్బ వేస్తూ గంటన్నర కూర్చున్నాడు. అది చూడటానికే పోవచ్చు. వాల్వు సీళ్లు, గ్యాస్‌కెట్లు, ఆయిల్ సీళ్లన్నీ మార్చాము.

అన్నింటికంటే ఎక్కువసేపు పట్టింది కడగడానికి. పట్టేసిన ఇంజనులో రాలిన లోహపు పొడి ఆయిల్ దారుల్లో, పంపులో దాక్కుంటుంది. దాన్ని వదిలేసి కొత్త సామాను బిగిస్తే ఆ పొడే కొత్త బేరింగును తినేస్తుంది. బాగుచేసిన ఇంజను మళ్లీ తిరిగొచ్చేది చాలాసార్లు ఇందుకేనని భాయ్ అంటాడు. ప్రతి సన్న దారిలోకీ గాలి కొట్టి, కిరోసిన్ పోసి, తెల్ల గుడ్డ మీద మరక పడనిదాకా కడిగాడు. పంపు అరిగిందని అది కూడా కొత్తదే వేశాడు.

మెరుగుదల అంటూ చేయించింది ఒకటే: ఆయిల్ దించే బోల్టు స్థానంలో అయస్కాంతమున్న బోల్టు. లోపల ఇనుము రాలుతుంటే దానికి అంటుకుంటుంది, ఆయిల్ మార్చినప్పుడల్లా తెలిసిపోతుంది. అల్యూమినియం దానికి అంటదు, కాబట్టి అది అన్నీ చెప్పదు. అయినా చెప్పేది చాలు. ఆయిల్ కూలరు పెట్టించమని ఒక అన్న రాశారు. మంచి వస్తువే గాని, లేని ఆయిల్‌ను అది కూడా చల్లబరచలేదు కదన్నా.

మొత్తం ఖర్చు 26,400 రూపాయలు. మొదట్లోనే మార్చి ఉంటే ఆ సీలుకు రెండు వందలు కూడా అయ్యేది కాదు. బిల్లులన్నీ మందిరం బోర్డు మీద అంటించాము. 500 చేయించమని పంపిన డబ్బు ముట్టలేదు, విడిగా ఉంచాము. పంపినవాళ్లు వెనక్కి తీసుకుంటారో, పైకప్పుకు ఇమ్మంటారో చెప్పండి. మీ మాట వచ్చేదాకా అది మీదే.

ఇప్పుడు బండి 740 కిలోమీటర్లు తిరిగింది. మొదటి 500 యాభై దాటకుండా, ఒకే వేగంలో కాకుండా కాస్త పెంచుతూ తగ్గిస్తూ నడపమన్నాడు, అలాగే నడిపాము. 500 కాగానే ఆయిల్ మార్చాము, బోల్టుకు కొద్దిగా సన్నపొడి ఉంది, కొత్త సామాను ఒరుసుకొనే మొదట్లో అది మామూలేనట. 15డబ్ల్యూ50, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నదే పోస్తున్నాము. క్లచ్ కూడా ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది గనుక ఆ గుర్తు చూడాలి. రాత్రి బండి కింద అట్టముక్క పరుస్తున్నాము. పొద్దున లేచి ముందు ఆ అట్ట చూస్తాము.

నిన్న అవ్వ కొడుకు ఫోను చేశాడు, వాళ్ల ఇంట్లో గురువారం ప్రార్థన పెట్టుకున్నారు. బండి మీదే వెళ్తున్నాము.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక భాయ్ మన మందిరానికి వస్తానన్నాడు. మీ బండ్లు తోలుకొని రండి. సెంటరు స్టాండు వేసి, ఇంజను కొద్దిసేపు తిప్పి, ఆపి, కాసేపాగి ఆయిల్ ఎలా చూడాలో అందరికీ చూపిస్తాడు. పాత గుడ్డముక్క ఒకటి తెచ్చుకోండి. భోజనం సంఘంలోనే.