మోజు అమ్మినవారిది, బాధ్యత కొన్నవారిది

రైల్వే వర్క్‌షాపును నమ్ముకుని ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు యంత్రాలతో పరిచయం కొత్త కాదు. అయినా ఇందా వంటి పేటల్లో పాత కారు కోసం వెతికే యువకుడి చూపు ఇప్పుడు ఊరి మెకానిక్ షెడ్డును దాటిపోయింది. విశాఖపట్నం, హైదరాబాదు, కోల్‌కతాలలో అమ్మకానికి పెట్టిన వాహనాలు ఫోనులోనే కనిపిస్తున్నాయి. చెన్నై వరకు సాగే 16వ నంబరు జాతీయ రహదారి ఖరగ్‌పూర్ మీదుగానే పోతుంది. కొత్తగా కొనలేని వేగవంతమైన కారు తక్కువ ధరకు దొరుకుతుందంటే మనసు ఆగదు. ప్రకటనలో ‘స్టేజ్ 1’ అన్న మాట ఉంటే ఆశ ఇంకా పెరుగుతుంది. అక్కడే జాగ్రత్త పడాలి.

ఆ మాటకు అర్థం, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లోని ప్రోగ్రామును మార్చి టర్బో ఒత్తిడిని పెంచారని. 2013లో మన దేశంలో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐని చూడండి. దాని 1.2 లీటర్ల ఇంజిన్ టార్క్ 175 న్యూటన్ మీటర్లు. ఏడు గేర్ల డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ తట్టుకోగల హద్దు 250. ప్రోగ్రాము మార్చినప్పుడు ఆ రెంటి మధ్యనున్న వెసులుబాటు కరిగిపోతుంది. బ్రేకులు, క్లచ్ మాత్రం పాతవే. అమ్మబోయే ముందు అసలు ప్రోగ్రామును తిరిగి ఎక్కించడం ఒక పూట పని. అరిగిన క్లచ్ అలా తిరిగి రాదు. ఇంతకంటె చవకైన ప్రమాదం హెడ్‌లైట్లలో దాగి ఉంటుంది: 60/55 వాట్ల బల్బులు తీసి, రిలే లేకుండా, అవే తీగలకు 100/90 వాట్లవి తగిలిస్తారు. హోల్డర్లు కరిగేదాకా ఎవరికీ తెలియదు.

ఇక చట్టం. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతున్నది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నియమాన్నే గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చంటుంది. ‘మార్చింది నేను కాదు’ అని కొన్నవాడు ఇక్కడ వాదించవచ్చు. కాని శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలకు సంబంధించిన 190వ సెక్షన్ మార్చినవాణ్ణి కాదు, నడిపినవాణ్ణి చూస్తుంది. మొదటి తప్పుకే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్సుపై వేటు పడవచ్చు. ఉత్ప్రేరక పరికరాన్ని పీకేసి హోరెత్తే సైలెన్సర్ బిగించిన కారుకు ఇది నేరుగా వర్తిస్తుంది.

బీమా సంగతి చాలామంది ఆలోచించరు. యాజమాన్యం మారినప్పుడు థర్డ్ పార్టీ రక్షణ దానంతట అది బదిలీ అవుతుంది. సొంత కారు నష్టానికి ఉన్న రక్షణ అలా రాదు. పద్నాలుగు రోజుల్లో బీమా సంస్థకు తెలియజేయాలి. మార్పులు దాచిపెట్టిన కారుకు క్లెయిము తిరస్కరిస్తే, దాచింది పాత యజమాని అయినా నష్టం కొత్త యజమానిదే.

కొన్న తరువాత పశ్చాత్తాపపడితే దారి ఏది? 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు రవాణా శాఖ అనుమతి తప్పనిసరి. అటువంటి డీలరు మోసం చేస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. వ్యాపారి కాని వ్యక్తి దగ్గర కొంటే ఆ తలుపు దాదాపు మూసినట్లే. సరుకును చూసుకునే బాధ్యత ప్రధానంగా కొనుగోలుదారుదేనన్నది 1930 నాటి వస్తు విక్రయ చట్టం. అబద్ధం చెప్పి అమ్మారని సివిల్ కోర్టులో నిరూపించవచ్చు గాని, అందుకు రాతపూర్వక సాక్ష్యం కావాలి. ఈ రచయిత దృష్టిలో పది వేలు తగ్గించే బేరం కన్నా, ‘ఏయే మార్పులు చేశారు?’ అన్న ప్రశ్నకు వాట్సాప్‌లో వచ్చిన జవాబు విలువైనది.

పొరుగు రాష్ట్రపు నంబరుతో వచ్చే కారుకు అక్కడి నిరభ్యంతర పత్రం, ఇక్కడి రోడ్డు పన్ను అదనం. డబ్బు చెల్లించేలోపు పాత అప్పు, చలానాలు పరివాహన్ పోర్టల్‌లో చూసి, కారును లిఫ్టు ఎక్కించి కింది భాగం పరీక్షించాలి. తీసేసిన అసలు సైలెన్సర్, స్ప్రింగులు అమ్మేవారి దగ్గర ఉన్నాయా అని అడగండి. లేవంటే, వాటి ధరను అధీకృత సర్వీసు కేంద్రంలో రాయించుకుని, ఆ మొత్తాన్ని బేరంలోంచి తీసివేయండి.